రిమెంబర్ ది లేడీస్: ఈ మాటను తెలుగులో ఎలా అనాలి?

మొదటి పోస్ట్:
అందరికీ నమస్కారం. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య అబిగెయిల్, 1776 మార్చి 31న భర్తకు రాసిన ఉత్తరంలోది ఈ మాట. అప్పటికింకా ఆయన అధ్యక్షుడు కాదు, ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ కాంగ్రెస్ (బ్రిటన్‌తో పోరాడుతున్న అమెరికా వలసల ప్రతినిధుల సభ) సభ్యుడు. ఆవిడ మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో నలుగురు పిల్లల్నీ పొలాన్నీ చూసుకుంటోంది. నాకు కనిపించిన తెలుగు వ్యాసాల్లో దీన్ని "మహిళలను గుర్తుంచుకోండి" అని రాశారు. అది చదివితే నాకేమో వర్ధంతి సభ బ్యానర్ గుర్తొస్తోంది. మీరైతే ఎలా అంటారు?

జవాబు:
"ఆడవాళ్ళని మరిచిపోకండి." అయిపోయింది కదండీ, దీనికి ఇంత చర్చ ఎందుకు?

జవాబు:
"మరిచిపోకండి" అన్నది నాకూ నచ్చింది. కాకపోతే ఆ మాట ఉత్తరంలో విడిగా లేదు, ఓ పొడుగాటి వాక్యం మధ్యలో ఉంది. మీరు స్వాతంత్ర్యం ప్రకటించారన్న కబురు కోసం ఎదురుచూస్తున్నాను అని మొదలుపెట్టి, "అన్నట్టు" అంటూ ఆవిడ అసలు సంగతికి వస్తుంది. ఎలాగూ మీరు కొత్త చట్టాలు రాసుకోవాలి కదా, అందులో ఆడవాళ్ళ సంగతి మరిచిపోకండి, వాళ్ళ విషయంలో మీ పూర్వీకులకంటే కాస్త ఉదారంగా ఉండండి అంటుంది. ఆ వెంటనే: మొగుళ్ళ చేతికి అలా హద్దూ అదుపూ లేని అధికారం ఇవ్వకండి.

పోస్టర్ల మీదికి ఎక్కింది మొదటి ముక్క. ఆవిడ అడిగింది మాత్రం రెండో ముక్కలో ఉంది. అప్పటి ఇంగ్లీషు న్యాయం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు. డబ్బు, నగలు, సంపాదన అన్నీ భర్తవే. తన పేరు మీద ఒప్పందం రాసుకోవడానికి వీల్లేదు, భర్త ఒప్పుకోకుండా వీలునామా రాయడానికీ వీల్లేదు. "స్త్రీలకు ఓటు హక్కు అడిగిన ఉత్తరం" అని కొందరు రాస్తుంటారు. అందులో ఓటు అన్న మాటే లేదు. "మా గొంతు, మా ప్రాతినిధ్యం లేని చట్టాలకు మేం కట్టుబడం, తిరుగుబాటు లేవదీస్తాం" అనే బెదిరింపు ఉన్న మాట నిజమే. అయితే అది బ్రిటన్ మీద కాంగ్రెస్ పెద్దలు రోజూ చదువుతున్న పాఠమే. ఆవిడ దాన్ని తిప్పి వాళ్ళకే అప్పజెప్పింది.

అందుకని నా ఓటు "ఆడవాళ్ళ సంగతి మరిచిపోకండి" అన్నదానికి. "సంగతి" అన్న మాట పడగానే చట్టం, హక్కు, ఇబ్బంది అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

మొదటి పోస్ట్ రాసినవారు:
బాగుందండీ. అయితే ఇంకో చిక్కుంది. "మరిచిపోకండి" అన్నామంటే భర్తను "మీరు" చేసేసినట్టే. ఇంగ్లీషులో ఆ గొడవే లేదు. వాళ్ళ ఉత్తరాలు చాలావరకు "మై డియరెస్ట్ ఫ్రెండ్" అని మొదలవుతాయి. అంత చనువున్న జంట మధ్య "మీరు" అతకదేమో? "నువ్వు" అందామా?

జవాబు:
"నువ్వు" అంటే 1776 ఉత్తరం నిన్నటి వాట్సాప్ మెసేజ్ అయిపోతుంది తమ్ముడూ! పైగా అదే ఉత్తరంలో కిందికి చదువు. మగజాతి స్వభావంలోనే పెత్తనం ఉందన్నది తిరుగులేని సత్యం, కానీ మీలో సుఖంగా ఉండాలనుకునేవాళ్ళు "మాస్టర్" అనే కరకు బిరుదు వదులుకుని "ఫ్రెండ్" అనే ఆత్మీయమైన పేరు ఇష్టంగా తీసుకుంటారు అంటుంది. "మీలో" అని గమనించావా? అక్కడ ఎదురుగా ఉన్నది ఒక్క జాన్ కాదు, చట్టాలు రాయబోయే మగవాళ్ళందరూ. "మీ పూర్వీకులు" అన్నదీ అంతే. ఈ ఒక్కచోట మన "మీరు" ఇంగ్లీషు కంటే బాగా పనికొస్తుంది: భర్తకు గౌరవ వాచకం, కాంగ్రెస్‌కు బహువచనం. "నువ్వు" పెడితే కాంగ్రెస్ జారిపోతుంది.

జవాబు:
పెద్దమ్మగారు చెప్పింది నిజం. నన్ను వేధిస్తున్నది మాత్రం ఆ పక్క వాక్యం. "ఆల్ మెన్ వుడ్ బి టైరంట్స్ ఇఫ్ దే కుడ్." దీన్ని తెలుగులో పెట్టాలంటే "మెన్" దగ్గరే బండి ఆగిపోతుంది. మనుషులా, మగవాళ్ళా?

ఆ వాక్యం ఆవిడ సొంతం కాదు. అంతకు చాలా ముందే ఇంగ్లీషు రచయిత డేనియల్ డెఫో పద్యంలో ఉంది. 1763లో జాన్ ఆడమ్స్ కూడా ఓ వ్యాసంలో దాన్నే పట్టుకుని రాశాడు. ఆ చోట్ల అది రాజుల గురించి, పాలకుల గురించి: అధికారం చేతికొస్తే మనిషన్నవాడెవడైనా నియంత అవుతాడు, అందుకే కళ్ళెం ఉండాలి అని. అక్కడైతే "మనుషులందరూ" అంటే సరిపోతుంది. అబిగెయిల్ చేసిందల్లా మొగుళ్ళ గురించిన వాక్యం పక్కన దాన్ని తెచ్చి పెట్టడమే. అక్షరం మార్చకుండా "మెన్" కాస్తా "మగవాళ్ళు" అయిపోయింది. భర్త నమ్మిన సూత్రంతోనే భర్తను కొట్టింది.

తెలుగులో రెండు అర్థాలూ మోసే మాట నాకు దొరకలేదు. "పురుషులు" అంటే కొంత దగ్గరకొస్తుంది. వ్యాకరణంలో ప్రథమ పురుష, ఉత్తమ పురుష అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు కదా. కానీ ఈ ఉత్తరం గొంతుకు అది మరీ సంస్కృతం.

జవాబు:
"అవకాశం దొరికితే ప్రతివాడూ నియంతే." ఎలా ఉంది? "వాడు" మగవాడికీ సరే, పాలకుడికీ సరే.

జవాబు:
భలే! ఇది తీసేసుకుంటున్నాను.

జవాబు:
జాన్ జవాబు గురించి ఎవరూ ఎత్తలేదేం? ఏప్రిల్ 14న రాశాడు. నీ చట్టాల సంగతి చదివి నవ్వకుండా ఉండలేకపోయాను అన్నాడు. మా పోరాటం వల్ల పట్టు అంతటా సడలిందట, పిల్లలూ పనినేర్చుకునే కుర్రాళ్ళూ మాట వినడం లేదట, కాలేజీల్లో గొడవలట, అమెరికా ఆదివాసులూ నల్లవాళ్ళూ ఎదురుచెబుతున్నారట, వీళ్ళందరికంటే సంఖ్యలోనూ బలంలోనూ పెద్దదైన ఇంకో తెగకు అసంతృప్తి ఉందని నీ ఉత్తరంతోనే మొదటిసారి తెలిసింది అంటాడు. ఆపైన, ఇది కాస్త మోటు పొగడ్తే, కానీ నువ్వు మరీ "సాసీ"వి కాబట్టి కొట్టెయ్యను అంటాడు. ఈ "సాసీ"ని ఏం చేద్దాం?

జవాబు:
పెంకి.

జవాబు:
పెంకి అంటే చంటిపిల్ల. "తలబిరుసు" అంటే తిట్టు. "గడుసు" అనండి, అందులో మెచ్చుకోలూ మందలింపూ రెండూ ఉంటాయి.

జవాబు:
గడుసుకే నా ఓటు కూడా. ఇంకో లాభం చూడండి. ఏప్రిల్ 27న అబిగెయిల్ తన స్నేహితురాలు, రచయిత్రి మెర్సీ ఓటిస్ వారెన్‌కు ఉత్తరం రాస్తూ ఇదే మాట మొగుడికి అంటగట్టింది: ఆడవాళ్ళ కష్టాల జాబితా పంపితే ఆయన నాతో చాలా "సాసీ"గా మాట్లాడాడు, మనిద్దరం కలిసి కాంగ్రెస్‌కు అర్జీ పెడదామా అని. పెంకి, వగలమారి లాంటివి అక్కడ ఆయనకు పనికిరావు. "గడుసుగా జవాబిచ్చాడు" అంటే నిక్షేపంగా సరిపోతుంది. ఒకే మాటను ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసురుకున్నారు కాబట్టి తెలుగులోనూ ఒకే మాట ఉండాలి.

మొదటి పోస్ట్ రాసినవారు:
అంటే ఇదంతా మొగుడూపెళ్ళాల సరసమేనా? అలాగైతే చట్టం, హక్కు అని మనం ఎక్కువ బరువు పెడుతున్నామేమో.

జవాబు:
సరసం ఉంది, సరసంతో ఆగలేదు. మే 7న మళ్ళీ రాసింది. లోకంలోని దేశాలన్నిటికీ విముక్తి ఇస్తామంటూ భార్యల మీద సంపూర్ణాధికారం మాత్రం మీ దగ్గరే పెట్టుకుంటానంటున్నారు, ఆడవాళ్ళ పట్ల మీరు ఉదారంగా ఉన్నారని నేననలేను అని నిలదీసింది. నిరంకుశాధికారం బాగా గట్టిగా ఉండే వస్తువుల్లాంటిదే, ఇట్టే విరుగుతుంది అని కూడా అంది. ఇటు భార్య ఉత్తరానికి నవ్విన ఈ మనిషే మే 26న జేమ్స్ సల్లివాన్ అనే న్యాయవాదికి రాస్తూ మొహం సీరియస్‌గా పెట్టాడు. ఓటుకు ఆస్తి అర్హతను కదిలిస్తే అంతు ఉండదు, రేపు ఆడవాళ్ళూ ఓటు అడుగుతారు అని హెచ్చరించాడు. ఆవిడ అడగని ఓటు గురించి ఈయన ముందే భయపడ్డాడు!

ఇక ఆవిడ 1816లో, భర్త బతికుండగానే, తన చేత్తో వీలునామా రాసింది. అప్పటికీ చట్టం మారలేదు. అయినా "నాది" అంటూ నగలు, బట్టలు, డబ్బు మనవరాళ్ళకూ మేనకోడళ్ళకూ పనిమనుషులకూ పంచింది. దాదాపు అంతా ఆడవాళ్ళకే. 1818లో ఆవిడ పోయాక జాన్ దాన్ని అమలు జరిపించాడు. ఉత్తరాల్లో ఆయన ఒప్పుకోనిది ఇంట్లో ఒప్పుకున్నాడని నేననుకుంటాను.

జవాబు:
ఒక్క మనవి. ఆవిడను మరీ విప్లవకారిణిని చేసి, ఆ ఉత్తరమంతా ఉపన్యాసంలా అనువదించకండి. అందులో బోస్టన్ ఇల్లు కూడా ఉంది. మార్చి 17న బ్రిటిష్ సైన్యం ఊరు ఖాళీ చేసింది. తమ ఇంట్లో ఓ రెజిమెంటు డాక్టరు కాపురం పెట్టి మురికి చేసిపోయాడు, ఇంకేం పాడుచెయ్యలేదు అని రాస్తుంది. మశూచి భయం రాస్తుంది. తోటివాళ్ళ స్వేచ్ఛ లాక్కోవడానికి అలవాటుపడ్డవాళ్ళకు స్వేచ్ఛ మీద అంత ప్రేమ ఉంటుందా అని వర్జీనియా బానిస యజమానులను ఓ పోటు పొడుస్తుంది. వాటి మధ్యలో "అన్నట్టు" అని ఈ మాట. ఆ "అన్నట్టు"ను మాత్రం ఎవరూ వదిలెయ్యకండి బాబూ.

మొదటి పోస్ట్ రాసినవారు:
అందరి మాటలూ కలిపి రాశాను, చూడండి:
"మీరు స్వాతంత్ర్యం ప్రకటించారన్న కబురు ఎప్పుడొస్తుందా అని ఉంది. అన్నట్టు, ఎలాగూ కొత్త చట్టాలు రాస్తారు కదా, అందులో ఆడవాళ్ళ సంగతి మరిచిపోకండి. మీ పూర్వీకుల కంటే కాస్త ఉదారంగా చూడండి. మొగుళ్ళ చేతికి అంతులేని అధికారం ఇవ్వకండి. అవకాశం దొరికితే ప్రతివాడూ నియంతే, గుర్తుంచుకోండి."

జవాబు:
"ఇవ్వకండి" చప్పగా ఉంది. "కట్టబెట్టకండి" అనండి.

మొదటి పోస్ట్ రాసినవారు:
మార్చేశానండీ.