ఎర్లిక్ సినిమాలో డిఫ్తీరియా వార్డు: కరుణ చూపించి కొలతను దాచేశారా?

పాతరీలు: 1940లో విలియం డీటర్లే తీసిన ‘డాక్టర్ ఎర్లిక్స్ మ్యాజిక్ బుల్లెట్’ చూసినవాళ్లు చెప్పండి. డిఫ్తీరియా అనే ప్రాణాంతక గొంతు జబ్బు పిల్లల వార్డులో సగం మందికే సీరం (ఆ జబ్బు విషాన్ని అణిచే, గుర్రాల రక్తం నుంచి తీసే మందు) ఇచ్చి, మిగతా సగాన్ని పోలిక కోసం వదిలేయమంటారు. జర్మన్ వైద్య పరిశోధకుడు ఎర్లిక్ (ఆ పాత్రలో ఎడ్వర్డ్ జి. రాబిన్సన్), తోటి శాస్త్రవేత్త బేరింగ్ ఆ మాట పక్కనపెట్టి అందరికీ ఇచ్చేస్తారు. పరిశోధకుల జీవితచిత్రాల్లో ఇంత నిబ్బరమైన దృశ్యం ఇంకోటి లేదంటాను. కాదంటారా?

కొలతపాత్ర: నటన గొప్పదే. చరిత్ర మాత్రం అది కాదండీ. ఎర్లిక్, ఆయన సహచరులు కొసెల్, వాసర్‌మాన్ 1894లో 220 మంది పిల్లల ఫలితాలు ప్రకటించారు. అందులో పోలిక గుంపే లేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది: ఒక సీసా సీరం పనిచేసేది, ఇంకో సీసా పనిచేసేది కాదు. గుర్రం గుర్రానికీ బలం మారేది. దాన్ని సరిచేసినవాడు ఎర్లిక్. సినిమాలో ఆ పని కనబడదు, అదే నా బాధ.

పాతరీలు: ఆ కొలత తెరమీద ఎలా చూపిస్తారు? గాజు గొట్టాలు చూస్తూ ఎవరు కూర్చుంటారు?

కొలతపాత్ర: చూపించొచ్చు, అందులో ఉత్కంఠ తక్కువేం కాదు. 250 గ్రాముల గినీ పిగ్‌ను నాలుగు రోజుల్లో చంపేంత డిఫ్తీరియా విషం ఒక మారక మోతాదు. అలాంటి 100 మోతాదుల్ని అణిచేసేంత సీరాన్ని 1897లో ఒక యూనిట్ అన్నాడు. అయితే విషం నిల్వ ఉంటే చంపే శక్తి పోతుంది, సీరాన్ని పట్టుకునే గుణం మాత్రం మిగులుతుంది. అంటే ఇవాళ 100 మోతాదులున్న సీసాలో కొన్ని నెలలకు అన్ని ఉండవు. అందుకని ప్రమాణంగా విషాన్ని కాక సీరాన్నే ఎంచుకున్నాడు. దాన్ని ఎండబెట్టి, గాలి తీసేసిన గాజు గొట్టంలో, తేమ పీల్చే ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ తోడు పెట్టి, చీకట్లో చల్లగా దాచాడు. కొత్త సీసా వచ్చినప్పుడల్లా పద్ధతి ఇదీ: ముందు ప్రమాణ సీరం ఒక యూనిట్‌తో కలిపినా నాలుగో రోజుకి జంతువును చంపేంత విషం ఎంతో తేల్చాలి. అంతే విషానికి కొత్త సీరాన్ని రకరకాల పాళ్లలో కలిపి ఎక్కించాలి. ఎంత సీరం కలిపితే జంతువు సరిగ్గా నాలుగో రోజున చచ్చిపోతుందో, అంత సీరంలో ఒక యూనిట్ ఉన్నట్టు. ఇది లేకపోతే డాక్టరు చేతిలో ఉన్నది మందో నీళ్లో తెలిసేది కాదు.

గాజుపలక: కొలతపాత్ర గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. బాక్టీరియాకు రంగు పట్టించే భాగంలో సినిమా మరీ తప్పు చెప్పలేదు. పొయ్యి మీద ఆరబెట్టిన స్లైడ్లకు వేడి తగలడం, క్షయ బాక్టీరియాకు రంగు బాగా పట్టడం ఎర్లిక్ గురించి ఎప్పట్నుంచో చెప్పుకునేదే. వేడి ఎందుకంటే ఆ కణం గోడ మైనంలాంటి పదార్థంతో నిండి ఉంటుంది, చల్లటి రంగు లోపలికి పోదు. తర్వాత జీల్, నీల్సన్ మార్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది: కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి ఆవిరి లేచేదాకా వేడి, ఐదు నిమిషాలు ఆగడం, కడిగి 20-25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, మళ్లీ కడిగి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు. రంగు మరిగితే, ఎండిపోతే గింజలు కట్టి, అవే బాక్టీరియాలా కనబడి మోసం చేస్తాయి. సినిమా చూసి ‘ఎంత వేడైతే అంత మంచిది’ అనుకోవద్దు.

ఆర్సెనిక్606: నా అభ్యంతరం ఆఖరి భాగం మీద. సిఫిలిస్ (ఒక సుఖవ్యాధి) మందు కోసం వరుసగా ఓడిపోతూ 606వ ప్రయత్నంలో గెలిచినట్టు చూపించారు. అది ప్రయోగశాలలో ఆ పదార్థానికిచ్చిన నంబరు మాత్రమే. 1907లోనే తయారైంది, పనికిరాదని పక్కనపెట్టారు. 1909లో ఎర్లిక్ ప్రయోగశాలలోని జపాన్ శాస్త్రవేత్త హతా సిఫిలిస్ సోకిన కుందేళ్ల మీద మళ్లీ పరీక్షిస్తేనే బయటపడింది. పట్టుదల కన్నా మళ్లీ జాగ్రత్తగా చూడటమే ఇక్కడ గెలిచింది. పైగా ఆ రోజుల్లో ఆ మందు వాడకం సులువు కాదు. గాలి తగిలితే ఆక్సీకరణ చెంది విషం పెరుగుతుంది, అందుకే మూసిన ఆంపూల్ (చిన్న గాజు గొట్టం). పొడి కరిగిస్తే ఆమ్ల ద్రావణం వస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా కలిపితే ముందు మడ్డి దిగుతుంది, ఇంకాస్త కలిపితే కరిగి తేటపడుతుంది. తేటపడకుండా నరంలోకి ఎక్కిస్తే ప్రమాదం. నరం బయటికి కారితే కండ కుళ్లుతుంది. స్వేదనజలం పాతదైతే జ్వరం. ‘మాయా తూటా’ (సినిమా పేరులోని మ్యాజిక్ బుల్లెట్) అనిపించుకున్నది ఇదే మందు.

పాతరీలు: హాలీవుడ్ నియమావళి సుఖవ్యాధుల ఊసే వద్దన్న రోజుల్లో సిఫిలిస్ పేరు పలికించిన సినిమా అది. దానికి విలువ లేదా?

ఆర్సెనిక్606: ఉంది, చాలా ఉంది. ఆ ధైర్యం వేరు, చరిత్ర వేరు.

కొలతపాత్ర: వార్డు దగ్గరికే వస్తాను. పోలిక గుంపంటే క్రూరత్వమని ఆ దృశ్యం నేర్పుతుంది. కోపెన్‌హాగన్‌లో ఫైబిగర్ అనే వైద్యుడు ఒక రోజు వచ్చినవారికి సీరం, మరుసటి రోజు వచ్చినవారికి మామూలు చికిత్స ఇచ్చి 1898లో లెక్క చెప్పాడు. సీరం అందిన 239 మందిలో 8 మంది, అందని 245 మందిలో 30 మంది చనిపోయారు. సీరం గుణమా, ఆ ఏటి జబ్బే మెత్తగా ఉందా అన్న అనుమానం ఆ అంకెలతోనే తీరింది.

పాతరీలు: ఆ 30 మందిలో సీరం అందితే బతికేవాళ్లు ఎంతమందో చెప్పండి ముందు. 1894లోనే ప్రయోజనం తెలిసిపోయిందని మీరే అన్నారు కదా.

కొలతపాత్ర: తెలిసిందనలేదండీ, ప్రకటించారన్నాను. రెండింటికీ మధ్య నాలుగేళ్లు పట్టింది.