ఎఫ్‌డీపీ (లెక్చరర్లకి పెట్టే చిన్న ట్రైనింగ్) సర్టిఫికెట్లు ఐదున్నాయి, నా క్లాసు మాత్రం అలాగే ఉంది. ఏ ట్రైనింగ్‌కి వెళ్లాలి?

మహేంద్రతనయ:

అందరికీ నమస్తే. ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. పీహెచ్‌డీ అయ్యాకే చేరాను, నాలుగో ఏడాది నడుస్తోంది. ప్రమోషన్‌లో జీతం లెవెల్ 10 నుంచి 11కి వెళ్లాలంటే 21 రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలని ఆఫీసులో చెప్పారు. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నదే ఇద్దరం, నేను వెళ్తే ల్యాబులన్నీ రెండో మేడమ్ నెత్తిన పడతాయి, దాంతో నా దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆన్‌లైన్‌లో చేసుకోమన్నారు, కానీ అదే టైములో క్లాసులు కూడా తీసుకోవాలన్నారు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇంకో చెవితో పిల్లల మాటలు వింటూ వారం రోజులు లాగి, ఇక నా వల్ల కాక మానేశాను.

ఇదొక సంగతి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటుంది. ఇప్పటిదాకా ఐదు రోజుల ఎఫ్‌డీపీలు ఐదు చేశాను. రోజుకి నాలుగు లెక్చర్లు, పీపీటీలు, చివర్లో గూగుల్ ఫామ్, వారానికి మెయిల్‌లో సర్టిఫికెట్. ఆ ఐదింటిలో ఒక్కరంటే ఒక్కరు "మీరో పది నిమిషాలు పాఠం చెప్పండి, మేం చూస్తాం" అనలేదు.

నా ఫస్టియర్ క్లాసులో అరవై మంది. సగం మందికి ఇంట్లో ఒడియా, మిగతావాళ్లలో ఎక్కువమందికి తెలుగు, పది పన్నెండు మంది కొండ ఊళ్ల నుంచి వచ్చే, సవర భాష మాట్లాడే పిల్లలు. పుస్తకం ఇంగ్లిషు. నేను ఇంగ్లిషులో మొదలుపెట్టి ఒడియాలోకి వెళ్తాను, ఆ ఒడియా కూడా బడిలో నేర్చుకున్నదే, మా ఇంట్లో తెలుగు. మోల్ అనే కెమిస్ట్రీ కొలత గురించి మూడు క్లాసులు చెప్పి టెస్టు పెట్టాను. లెక్కలు చాలామంది చేశారు. "మోల్ అంటే ఏమిటో సొంత మాటల్లో రాయండి, ఏ భాషలో రాసినా ఫర్వాలేదు" అన్న ప్రశ్నకి మాత్రం అర్థమై రాసినవాళ్లు ఇద్దరు. మిగతావి ఖాళీ, లేదంటే పుస్తకంలో ఉన్న వాక్యం. ఒక సవర అమ్మాయి "సారీ మేడమ్" అని రాసి పేపరు ఇచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సెలవు విషయంలో రూలు ఏం చెబుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. పాఠం చెప్పడం నిజంగా నేర్పే ట్రైనింగ్ ఎక్కడైనా ఉంటే అదీ చెప్పండి. మా ఆఫీసు వాళ్లకి కూడా ఏమైనా ఉన్నాయా? పాపం అడ్మిషన్ల టైములో వాళ్లు పడే టెన్షన్ చూడలేకపోతున్నాను.

వంశధార_గట్టు:

మేడమ్, ముందు రూలు సంగతి చెబుతాను, నేను గుణుపురంలో ఇదంతా పడి పైకొచ్చినవాణ్ణే. యూజీసీ 2018 రెగ్యులేషన్ల ప్రకారం పీహెచ్‌డీ ఉన్నవాళ్లకి లెవెల్ 10 నుంచి 11కి నాలుగేళ్లు, ఎంఫిల్ ఉంటే ఐదు, ఏదీ లేకపోతే ఆరు. అందులో 21 రోజుల ఓరియంటేషన్ ఒకటి తప్పనిసరి. దానితోపాటు వారానికి తగ్గని రిఫ్రెషర్, వర్క్‌షాప్, ఎఫ్‌డీపీ లాంటిది ఏదో ఒకటి కావాలి, లేదా సర్టిఫికెట్‌తో ఒక మూక్ (ఆన్‌లైన్) కోర్సు. ఐదు రోజులున్నా వారం కిందే లెక్క, కాబట్టి ఈ రెండోది మీకు అయిపోయినట్టే. ఆరో ఎఫ్‌డీపీ వల్ల ఫైలులో ఒక కాగితం పెరుగుతుంది, అంతే.

సెలవు: ఓరియంటేషన్, రిఫ్రెషర్, ఇండక్షన్ ప్రోగ్రాములకి ఒక విద్యా సంవత్సరంలో 30 రోజుల వరకు డ్యూటీ లీవ్ ఇవ్వొచ్చని అదే రెగ్యులేషన్లలో ఉంది, పూర్తి జీతంతో. ఇవ్వొచ్చు అనే ఉంది, ఇచ్చి తీరాలని లేదు, అది గుర్తుంచుకోండి. అందుకే ఉత్త దరఖాస్తు పెట్టకండి. ఆ పేజీ ప్రింటు తీసి జత చెయ్యండి, మీ క్లాసులు ఎవరు చూస్తారో, ల్యాబులు ఏ తేదీలకి జరుపుతారో ఒక కాగితం మీద రాసి రెండో మేడమ్‌తో సంతకం పెట్టించండి, మరుసటి నెల ఆవిడ వెళ్తే మీరు చూస్తానని కూడా రాయండి. నాకు మూడోసారికి ఇలాగే వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఆర్డరు కూడా చూసుకోండి, మన ఆఫీసుల్లో దానికే బలం ఎక్కువ.

ఆ 21 రోజుల ట్రైనింగ్ ఎక్కడంటే, 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలని ఉండేవి, 2015లో హెచ్ఆర్డీసీలు (మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు) అయ్యాయి, ఇప్పుడు వాటినే మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు అంటున్నారు. మన రాష్ట్రంలోని సెంటర్‌లోనే చెయ్యాలని లేదు, ఇక్కడైతే భువనేశ్వర్‌లో ఉత్కళ్ యూనివర్సిటీ ఉంది, బయటైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఎండాకాలం సెలవుల్లో పడే బ్యాచ్ చూసుకోండి, గొడవ సగం తగ్గిపోతుంది.

మూక్ కోర్సులిచ్చే ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ వేదిక) గురించి ఒక ముక్క. చదువుకోవడం ఉచితం, పరీక్షకి వెయ్యి రూపాయలు, సెంటర్‌కి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, పరీక్షకి 75, పాసవ్వాలంటే వాటిలో పదీ ముప్పై విడివిడిగా రావాలి. ఎనిమిది వారాల కోర్సు చేస్తే ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) వాళ్లు ఒక ఎఫ్‌డీపీగా లెక్కిస్తారు. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చేసుకోవచ్చు, ఆడవాళ్లకి ఇదొక్కటే కుదిరిందని మా కాలేజీలో చాలామంది అన్నారు.

బరంపురం మాస్టారు:

అమ్మా, నేను రిటైరై ఆరేళ్లయింది. సర్వీసులో ఉండగా ఇలాంటి ఐదు రోజుల ప్రోగ్రాములు నేనే డజను పైగా నడిపాను, కాబట్టి మీరు చెప్పిన లోటులో నా పాలూ ఉంది. పెద్ద వక్తలు దొరికితే చాలనుకునేవాళ్లం. ఈత గురించి ఐదు రోజులు చెప్పి, ఎవర్నీ చెరువులో దించకుండా ఇళ్లకి పంపేవాళ్లం.

మీరు అడిగింది కొత్తదేమీ కాదు. 1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌లో మైక్రోటీచింగ్ అని మొదలుపెట్టారు, మన బీఈడీ కాలేజీల్లోనూ ఉంది, డిగ్రీ కాలేజీలకి మాత్రం రాలేదు. పాఠంలో ఒక్క ముక్క తీసుకుంటారు, ఐదారు నిమిషాలు చెబుతారు, తోటివాళ్లు చూస్తారు, ఎక్కడ తడబడిందో చెబుతారు, మార్చుకుని మళ్లీ చెబుతారు. ఆ మళ్లీ చెప్పడంలోనే ఉంది మొత్తం. దీనికి సెంటర్ అక్కర్లేదు, సెలవూ అక్కర్లేదు. మీరూ, రెండో మేడమ్, ఫిజిక్స్ నుంచి ఇంకొకరు, ముగ్గురు చాలు. పదిహేను రోజులకొకసారి ఒకరి క్లాసులో మిగతా ఇద్దరు వెనక బెంచీలో కూర్చోండి. పాఠం బాగుందా లేదా అని చూడకండి, ఏ పిల్ల ఏ నిమిషంలో కలం కింద పెట్టేసిందో రాసుకోండి, చాలు. బయటికొచ్చాక పావుగంట మాట్లాడుకోండి. ప్రిన్సిపాల్‌కి రిపోర్టు మాత్రం ఇవ్వొద్దు, ఇచ్చారా, మూడో నెలకి ఎవరూ రారు.

ఇక మోల్ సంగతి. మీకు పక్కనే పలాస ఉంది కదా. జీడిపప్పులో డబ్ల్యూ 320 అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 300 నుంచి 320 పలుకులు తూగే రకం, డబ్ల్యూ 240 అయితే 220 నుంచి 240. అంటే కాటా వేసేవాడు పలుకులు లెక్కపెట్టడు, తూకం చూసి లెక్క చెబుతాడు. మోల్ అంటే సరిగ్గా అదే పని, లెక్కపెట్టలేనంత చిన్నవాటిని తూకంతో లెక్కపెట్టడం. మీ ల్యాబ్ త్రాసు మీద వంద గ్రాముల 320 రకం పోయించండి, ఎన్ని ఉంటాయో ముందే లెక్క కట్టమనండి, అరవై ఆరు నుంచి డెబ్బై మధ్య రావాలి. అప్పుడు కూర్చుని లెక్కపెట్టమనండి. తర్వాత యాభై జీడిపప్పు ఒకపక్క, యాభై వేరుశనగ గింజలు ఒకపక్క తూచమనండి. సంఖ్య ఒకటే, బరువు వేరు. 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులుంటాయో 32 గ్రాముల ఆక్సిజన్‌లో అన్ని అణువులుంటాయని అప్పుడు చెప్పండి, 6.022×10²³ ఆఖర్న రాయండి, మొదట రాయకండి. మీ తెలుగు పిల్లల్లో ఎవరో ఒకరి అమ్మ జీడి బట్టీలో పనిచేసే ఉంటుంది, ఆ పిల్ల చేత చెప్పించండి, ఏ భాషలో చెప్పినా సరే.

సవర పిల్లల గురించి. మీ పక్కనున్న పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు రాజావారి స్కూల్లో 1880లో టీచరుగా చేరారు. సవర నేర్చుకోమని ఆయనకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. తనంతట తాను నేర్చుకుని, ఆ పిల్లలకి ఆ భాషలోనే వాచకాలు రాసి, నిఘంటువు కూడా తయారుచేశారు. మీరంతా చెయ్యక్కర్లేదు, ఆ "సారీ మేడమ్" రాసిన అమ్మాయి దగ్గర వారానికి ఐదు మాటలు నేర్చుకోండి. తూకం, లెక్క, సమానం, ఇలాంటివి. మేడమే తన దగ్గర నేర్చుకుంటోందని తెలిస్తే ఆ పిల్ల నోరు విప్పుతుంది.

పాతపట్నం_నుంచి:

మాస్టారు చెప్పింది నిజం. నేను ఆంధ్రా వైపు ఇంటర్ చదివి, డిగ్రీకి ఒడిశా వైపు కాలేజీలో చేరాను. మూడేళ్లలో క్లాసులో ఒక్క డౌటు అడగలేదు, నా ఒడియా విని నవ్వుతారని. ఒక సారు మాత్రం ప్రశ్న ఇచ్చి పక్కనోళ్లతో మీ భాషలో మాట్లాడుకుని చేతులెత్తండి అనేవారు. ఆయన సబ్జెక్టు ఒక్కటే నాకు ఇప్పటికీ గుర్తుంది.

రాయగడ_ఆఫీసు:

ఆఫీసు వాళ్ల గురించి అడిగినందుకు థాంక్స్ మేడమ్, మా గురించి అడిగేవాళ్లు తక్కువ. నేను పదకొండేళ్లుగా ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. మాకు ట్రైనింగ్ అంటే వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్. కొత్త పోర్టల్ వస్తే జిల్లాకి ఒకరిని పిలిచి ఒక పూట చూపిస్తారు, ఆయన వచ్చి మాకు చెప్పేలోపు బదిలీ అయిపోతాడు. ఐగాట్ కర్మయోగి అనే ఆన్‌లైన్ ట్రైనింగ్ ఉంది, ప్రభుత్వ ఉద్యోగుల కోసం కేంద్రం 2020లో ఒప్పుకున్న మిషన్ కర్మయోగి కింద పెట్టారు, ఫోనులోనే చేసుకోవచ్చు, నోటింగ్, ఎక్సెల్ లాంటి మామూలు పనులకి మంచిదే. కానీ మా అసలు చిక్కు అందులో ఉండదు.

పేర్లు. పిల్లలు సంపాదించిన క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో వాళ్ల ఖాతా కలపాలంటే ఆధార్‌లో పేరూ మా రికార్డులో పేరూ ఒకటవ్వాలి. మన తెలుగు పిల్లలకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా క్లర్కు దాన్ని చివర వేస్తాడు. ఒడియాలో 'వ' బదులు 'బ' పలుకుతారు కదా, వెంకటరావు బడి రిజిస్టర్లో బెంకటరావు అయి కూర్చుంటాడు. ఆధార్‌లో వెంకటరావు, మార్కుల లిస్టులో బెంకటరావు, ఆ పిల్లాడి క్రెడిట్లు కలవవు, స్కాలర్‌షిప్ ఆగుతుంది, వాళ్ల నాన్న కూలి మానుకుని నాలుగుసార్లు మా కౌంటర్ దగ్గరికి తిరుగుతాడు. తప్పు ఎవరిదీ కాదు, అయినా ఆయన ముఖం చూడలేం. ఇది సరిచేసే పద్ధతి మాకు ఎవరూ నేర్పలేదు, మా సీనియర్ ఒకాయన సొంతంగా చేసుకున్నాడు: అడ్మిషన్ రోజునే ఆధార్, పదో తరగతి మార్కుల లిస్టు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడటం, తేడా ఉంటే ఆ రోజే పిల్లాడికి చెప్పి రెండు నెలల గడువివ్వడం. మీ క్లర్కుకి ఈ ఒక్కటి నేర్పించండి, రెండు గంటల పని. ఇంకో మాట, ఏ పోర్టల్ ట్రైనింగ్‌కైనా ఇద్దర్ని పంపమని ప్రిన్సిపాల్ గారికి చెప్పండి. ఒకర్ని పంపితే ఆయన సెలవు పెట్టిన రోజు ఆఫీసు మూసినట్టే.

మహేంద్రతనయ:

మూడు వారాలైంది, ఏం జరిగిందో రాస్తున్నాను. గుణుపురం సర్ చెప్పినట్టు రూలు పేజీ, క్లాసుల ఏర్పాటు కాగితం రెండూ జతచేసి దరఖాస్తు మళ్లీ పెట్టాను. ఈసారి వెనక్కి రాలేదు, ఇంకా టేబుల్ మీద ఉంది. ఎండాకాలం బ్యాచ్‌కే అడిగాను.

జీడిపప్పు పాఠం చేశాను మాస్టారూ. వంద గ్రాములకి అరవై ఏడు వచ్చాయి, ఒక గుంపు అరవై ఎనిమిది అని ముందే చెప్పింది, క్లాసంతా లేచి నిలబడి వాళ్లే మళ్లీ లెక్కపెట్టారు. మీరు చెప్పినట్టే ఒకబ్బాయి వాళ్లమ్మ బట్టీలో పప్పు వలుస్తుందట, గ్రేడు ఎలా కడతారో తెలుగులో చెప్పాడు, పక్కనున్న ఒడియా అబ్బాయి మిగతావాళ్లకి ఒడియాలో చెప్పాడు. నేను పది నిమిషాలు ఊరికే నిలబడ్డాను. వెనక బెంచీలో రెండో మేడమ్ కూర్చున్నారు. వేరుశనగ దగ్గరికి వచ్చేసరికి చివరి వరస పిల్లలకి త్రాసు కనబడలేదనీ, అక్కడ ఏడుగురు వదిలేశారనీ ఆవిడ చెప్పారు. నాకు అసలు తెలియనే లేదు. ఇంకో సెక్షన్‌లో త్రాసు మధ్యలోకి తెచ్చి మళ్లీ చెప్పాను.

ఆ సవర అమ్మాయి ఇంకా క్లాసులో మాట్లాడలేదు, కానీ ల్యాబులో నాకు నాలుగు మాటలు నేర్పింది, నేను తప్పు పలికితే దిద్దుతోంది. పేర్ల సంగతి మా క్లర్కు గారికి చూపించాను, మా ఫస్టియర్ లిస్టులోనే పద్నాలుగు తేడాలు దొరికాయి, ఇద్దరం కూర్చుని పిల్లలకి ఫోన్లు చేస్తున్నాం.

మాస్టారూ, వచ్చే శుక్రవారం లిమిటింగ్ రీఏజెంట్ (రసాయన చర్యలో ముందు అయిపోయి చర్యని ఆపేసే పదార్థం) చెప్పాలి, ఈసారి ఫిజిక్స్ సర్ వెనక కూర్చుంటానన్నారు. దానికి మన వైపు ఇళ్లలో ఉండే వస్తువేదైనా మీకు తడుతుందా?