భూస్వామ్యం, సామ్యవాదం: ఇవి నిజంగా వ్యతిరేక పదాలేనా?

భూస్వామ్యం (ఫ్యూడలిజం), సామ్యవాదం (సోషలిజం) ఒకదానికొకటి వ్యతిరేక పదాలేనా అని ఒక చెల్లెమ్మ అడిగింది, ప్రశ్న బాగుంది, కొంచెం వివరంగా రాస్తాను. ఈ రెండూ చూడ్డానికి జంట పదాల్లా ఉంటాయి గానీ కావండి. స్వామ్యం అనేది స్వామి నుంచి వచ్చింది, సామ్యం సమ నుంచి. మొదటిది భూమి మీద అధికారం ఎవరిదో చెప్తుంది, రెండోది మనుషులు సమానంగా ఉండాలంటుంది, అంతేగానీ ఆస్తి ఎవరి పేరున ఉండాలో ఆ మాటలో ఎక్కడా లేదు. హిందీవాళ్లు సోషలిజాన్ని సమాజ్‌వాద్ అంటారు, సామ్యవాద్ అంటే వాళ్లకి కమ్యూనిజం. మనమేమో 1976లో 42వ సవరణతో రాజ్యాంగ ప్రవేశికలో చేరిన సోషలిస్ట్ అనే మాటకి సామ్యవాద అనే పెట్టుకున్నాం, అదే వాక్యంలో ప్రజాస్వామ్య కూడా ఉంది చూడండి, అక్కడ స్వామ్యం జనానిది.

అసలు స్వామ్యం అంటే ఓనర్‌షిప్ ఒక్కటే కాదు, పెత్తనం కూడా. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్‌లనే తీసుకోండి, వాళ్లు మొదట శిస్తు వసూలు చేసేవాళ్లు, నిజాం దివాన్ సాలార్‌జంగ్ సంస్కరణలతో సర్కారు తన ఉద్యోగుల చేత శిస్తు వసూలు చేయించడం మొదలుపెట్టాక వీళ్లకి బదులుగా వతన్లు (వంశపారంపర్య హక్కులు) దక్కాయి, అప్పటికే కాగితాలూ బలగమూ చేతిలో ఉన్నాయి కాబట్టి మంచి భూములు వాళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. అంటే పెత్తనం ముందు, పట్టా తర్వాత. వెట్టి కూడా అంతే, కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి ఊరికే ఉతకాలి, వీళ్లంతా దొర పొలం కౌలుకి తీసుకున్నవాళ్లేం కాదు కదా, మరి ఎందుకు చేశారు? గడీ (దొర కోటలాంటి ఇల్లు) మాటే ఊళ్లో చట్టం కాబట్టి. పాత తెలుగులో గవర్నమెంటుని దొరతనమువారు అనేవాళ్లు, దొర అన్నా సర్కారు అన్నా ఒకటే అన్న అనుభవం ఆ మాటలోనే ఉంది.

ఇక్కడ ఒక తమ్ముడి ప్రశ్న: — మరి "దున్నేవాడిదే భూమి" అన్నది సోషలిజం నినాదమే కదా సార్? తెలంగాణ పోరాటంలో కమ్యూనిస్టులే కదా ఇచ్చింది?

ఇచ్చింది వాళ్లే తమ్ముడూ, కానీ ఆ వాక్యంలో "వాడిదే" అన్నది గమనించు. ఏకవచనం అది. దొర భూమి తీసి దున్నే రైతు చేతికి సొంతంగా ఇవ్వమనే, ఉమ్మడి చెయ్యమని కాదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నిలబడింది తను సాగుచేసుకునే భూమీ తన పంటా కాపాడుకోడానికే. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకి (చట్టం రక్షణ ఉన్న కౌలు రైతుకి) హక్కు ఇచ్చే దారి తెరిచింది, ఇవి కూడా సోషలిజం కాదు. భూస్వామ్యాన్ని కూల్చడం ఒక పని, ఆ తర్వాత ఏం కట్టాలన్నది వేరే పని, మనం రెండూ కలిపేసి మాట్లాడుతుంటాం.

ఉమ్మడి చేసిన చోట ఏమైందో సోవియట్‌లో చూడొచ్చు. 1917 భూమి డిక్రీ పరిహారం లేకుండా జమీందార్ల హక్కు తీసేసింది, రైతులు పంచుకున్నారు. 1929 తర్వాత ఆ భూములన్నీ సమిష్టి క్షేత్రాల్లోకి పోయాయి, చాలాచోట్ల బలవంతంగానే. అక్కడి రైతులకి 1974 దాకా దేశం లోపల తిరగడానికి కావాల్సిన పాస్‌పోర్టు ఇచ్చే పద్ధతే లేదు, ఊరు వదిలి పోవాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. దొర లేడు, పట్టా ఎవరికీ లేదు, అయినా స్వామ్యం పార్టీ ఆఫీసులో ఉండిపోయింది. భూస్వామ్యమూ ఇదీ ఒకటే అని నేను అనను, దొరల పెత్తనం పోవడం, అందరికీ బడీ ఆస్పత్రీ రావడం చిన్న విషయాలు కావు. కానీ ఈ రెండు వ్యవస్థల్ని పోల్చాలంటే ఆస్తి ఎవరిదని అడిగి ఆగిపోకూడదు, కాదనే హక్కు ఎవరికుంది అని కూడా అడగాలి.

సర్కార్ జిల్లాల (కోస్తా ఆంధ్ర) జమీందారీ ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ పెద్దవాళ్లు దొర అనే మాట జమీందారుకి వాడేవాళ్లా, తెల్లవాళ్లకేనా?