కారు హీటెక్కితే రేడియేటర్‌లో నీళ్ళు పోయాలా వద్దా? నాన్నకీ నాకూ గొడవ (హైదరాబాద్–విజయవాడ హైవే)

హైవే_కొత్తోడు:
అందరికీ నమస్తే. మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం, ఐదుగురం, డిక్కీ నిండా సామాన్లు, ఏసీ ఫుల్లు. బండి 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష కిలోమీటర్లు దాటింది. పంతంగి టోల్ దాటేదాకా ఏ ప్రాబ్లం లేదు. చిట్యాల దగ్గర రోడ్డు పని ఏదో జరుగుతోంది, ట్రాఫిక్ జామ్, చాలాసేపు పాకుతూనే ఉన్నాం, అప్పుడు టెంపరేచర్ ముల్లు మెల్లగా లేవడం మొదలైంది. జామ్ వదిలి స్పీడ్ అందుకోగానే మళ్ళీ దానంతట అదే దిగిపోయింది, సరేలే అనుకున్నా. నార్కట్‌పల్లి దగ్గర టిఫిన్‌కి సర్వీస్ రోడ్డులోకి దిగి స్లో చేశామో లేదో ముల్లు రెడ్డు దాకా పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి.

ఇంజన్ ఆపేశా. మా నాన్న పాతికేళ్ళు అంబాసిడర్ నడిపిన మనిషి, బాటిల్ నీళ్ళు, తువ్వాలు పట్టుకుని రేడియేటర్ మూత తీయబోయారు, నేను అడ్డం పడ్డా, అంతే, రోడ్డు మీదే క్లాసు. "మేము జీవితమంతా ఇలాగే పోశాం, ఒక్కడికీ ఏం కాలేదు" అని. అమ్మ ఇద్దరినీ తిట్టింది. తర్వాత ఒక మెకానిక్ వచ్చి బాగా చల్లారాక బోరు నీళ్ళు పోసి, "థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తా సార్, ఇక జన్మలో హీటెక్కదు" అన్నాడు. నాకు డౌటొచ్చి వద్దని, ఏసీ ఆపేసి మెల్లగా ఇంటికి తిప్పేశాం.

వచ్చే వారం గుంటూరులో పెళ్ళి, వెళ్ళి తీరాలి. మూత సంగతి ఎవరిది కరెక్టు? వాల్వ్ పీకించడం మంచిదేనా? ఎండ తప్పించుకోడానికి రాత్రి ఒంటిగంటకి బయల్దేరదామంటున్నారు నాన్న, అది ఓకేనా?

గ్యారేజ్_బాబాయ్:
తమ్ముడూ, మూత విషయంలో నువ్వే కరెక్టు, అయితే మీ నాన్నగారు చెప్పింది వాళ్ళ బండి వరకూ తప్పేం కాదు. అంబాసిడర్ ఇంజన్ మొత్తం పోత ఇనుము, ఫ్యాన్ కూడా బెల్టు మీద తిరిగేది, కాస్త మొరటుగా చూసినా ఓర్చుకునేది. ఇప్పటి బండ్లలో హెడ్డు (ఇంజన్ పై భాగం) అల్యూమినియం, సలసలా కాగుతున్నప్పుడు చన్నీళ్ళు పోశావంటే హెడ్డు బెండ్ అవుతుంది, దాని కింద లీక్ కాకుండా ఉండే గాస్కెట్ పోతుంది, అక్కడితో బిల్లు వేలల్లోకి పోతుంది.

అంతకన్నా ముందు చెయ్యీ మొహమూ. లోపల కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, ప్రెషర్‌లో ఉంటుంది, ఆ ప్రెషర్ వల్లే నూరు దాటి 120 డిగ్రీల దగ్గర దాకా మరక్కుండా ఉంటుంది, నువ్వు మూత తిప్పగానే ప్రెషర్ పోయి మొత్తం ఒక్కసారి ఆవిరై మొహం మీదకొస్తుంది, కుక్కర్ మూత ఆవిరి పోకముందే పీకినట్టు. తువ్వాలు అడ్డం పెడితే తువ్వాలు కూడా కాలుతుంది. కనీసం ముప్పావుగంట ఆగు, పైన లావు హోస్ పైపు ఉంటుంది కదా దాన్ని పట్టుకుని చూడు, చేత్తో హాయిగా పట్టుకోగలిగి, నొక్కితే మెత్తగా ఉంటేనే మూత జోలికి పో.

ఇంకోటి, బానెట్ ఎత్తాక ఇంజన్ ఆఫ్‌లో ఉంది కదా అని ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకు. ఎలక్ట్రిక్ ఫ్యాన్, కొన్ని బండ్లలో కీ తీసేసినా వేడికి దానంతట అదే తిరుగుతుంది. మీ అమ్మగారు చీర చెంగుతో వంగి చూస్తారు, ముందు వాళ్ళని దూరం నిలబెట్టు.

ఇప్పుడు అసలు జబ్బు. నువ్వు రాసింది చదివితే సగం తెలిసిపోతోంది: జామ్‌లో ఎక్కింది, స్పీడ్‌లో దిగింది, మళ్ళీ స్లో చేయగానే ఎక్కింది. స్పీడ్‌లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, నిలబడితేనే ఫ్యాన్ అవసరం. అంటే ఫ్యాన్ తిరగట్లేదు, లేదా సరిగ్గా తిరగట్లేదు. ఇంటి దగ్గర టెస్ట్ చేసుకో, బండి స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి, మామూలుగా అయితే కాసేపట్లోనే ఫ్యాన్ చప్పుడు రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టరు, మోటారు, ఈ వరసలో చూడమను. అదే స్పీడ్‌లో పోతున్నప్పుడు కూడా ఎక్కుతుంటే అది వేరే కథ, కూలెంట్ తక్కువైందో, రేడియేటర్ బ్లాక్ అయిందో, వాటర్ పంప్ పోయిందో, థర్మోస్టాట్ పట్టేసిందో.

థర్మోస్టాట్ పీకే పని మాత్రం చేయించకు. మన దగ్గర ఇది పెద్ద రోగం, ఏ బండి వచ్చినా "వాల్వ్ పీకేస్తా" అంటారు. అది ఇంజన్ త్వరగా వేడెక్కి ఆ 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండేలా చూసే పార్టు. పీకేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ కొడుతుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజన్ అరుగుతుంది. పాడైతే కొత్తది వేయించు, పెద్ద ఖరీదు కాదు.

బోరు నీళ్ళు అర్జెంటుకి పర్లేదు. అలాగే వదిలేస్తే మాత్రం, నల్గొండ వైపు నీళ్ళు తెలుసుగా, రేడియేటర్ లోపల తెల్లగా గార కడుతుంది. మొత్తం ఫ్లష్ చేయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించు. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉంటే అందులో నీళ్ళు కలపకూడదు.

లాంగ్ టాంక్_ఫుల్:
ఇంత టెన్షన్ ఎందుకు బ్రో, నేనైతే ముల్లు లేస్తే ఏసీ ఆపి హీటర్ ఫుల్ పెట్టి లాగించేస్తా, ఎప్పుడూ ఇంటికి చేరా. ఎండాకాలం టైర్లలో గాలి కూడా నాలుగైదు పాయింట్లు తగ్గించుకో, పేలవు.

గ్యారేజ్_బాబాయ్:
హీటర్ చిట్కా నిజమే, హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత లాగుతుంది. ముల్లు సగం దాటి లేస్తోంది, జామ్‌లో మధ్యలో ఇరుక్కున్నావ్, పక్కకి వచ్చే దారి లేదు, అప్పుడు వాడుకో. ఆవిరి కనిపించిందా, రెడ్డు తాకిందా, ఇక లాగించడం లేదు, పక్కకి తీసి ఆపడమే. ఇంకో మోసం ఉంది, కూలెంట్ మొత్తం కారిపోయాక ఒక్కోసారి ముల్లు టక్కున కిందికి పడిపోతుంది, హమ్మయ్య తగ్గింది అనుకుంటారు, నిజానికి సెన్సర్‌కి తగలడానికి అక్కడ కూలెంటే ఉండదు. హీటర్ పెడితే చల్లగాలి వస్తోందంటే కన్ఫర్మ్. అక్కడి నుంచి లాగించిన బండ్లే నా షెడ్డుకి టోయింగ్ మీద వస్తాయి. కొన్ని బండ్లలో అసలు ముల్లే ఉండదు, ఎర్ర లైటు ఒక్కటే, అది వెలిగిందంటే అప్పటికే లేటని అర్థం.

టైర్ల సంగతి ఎవరైనా చెప్పండి, నాకు కస్టమర్ వచ్చాడు.

స్టెప్నీ_అక్క:
టైర్ల సంగతి నేను చెప్తా. గాలి తగ్గిస్తే పేలవు అన్నది పూర్తిగా రివర్స్. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి రౌండుకీ నలుగుతాయి, ఆ నలుగుడికే వేడి పుడుతుంది, సిమెంట్ రోడ్డు మీద స్పీడ్‌గా పోతే ఆ వేడికే చిరిగి పేలుతుంది. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, అందులో ఇద్దరికి ఒక నంబరు, ఫుల్ లోడుకి ఇంకో నంబరు ఉంటుంది, మీరు ఐదుగురు ప్లస్ సామాన్లు కాబట్టి రెండోది కొట్టించండి. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి, వంద కిలోమీటర్లు పోయాక చెక్ చేస్తే ఎక్కువే చూపిస్తుంది, అప్పుడు బంకు కుర్రాడు తీసేస్తానంటే తీయనివ్వకండి.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ అని. బటన్లు (రోడ్డుకి తగిలే గళ్ళు) బాగున్నాయి కదా అని చాలామంది ఎనిమిదేళ్ళ టైర్లు నడుపుతారు, పక్కల్లో సన్న బీటలుంటే మార్చేయండి. పేలితే మాత్రం బ్రేకు మీద కాలు వేయొద్దు, మా తమ్ముడికి ఎన్నిసార్లు చెప్పినా వాడి మొదటి రియాక్షన్ బ్రేకే. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బండి దానంతట అది స్లో అయ్యాక ఎడమకి.

స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇవాళే చూసుకోండి. సామాన్ల కింద ఏళ్ళ తరబడి పడుకుని ఉంటుంది, అవసరం పడ్డ రోజు ఫ్లాట్‌గా బయటికొస్తుంది. నట్లు జాకీ ఎత్తకముందే కొంచెం లూజ్ చేయాలి, ఎత్తాక స్పానర్ మీద బలం వేస్తే బండి జాకీ మీద నుంచి జారుతుంది. నా బరువుకి స్పానర్ మీద నిలబడితే తప్ప లూజ్ అవ్వవు, సిగ్గేం లేదు, నిలబడతా. బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి.

సూర్యాపేట_క్యాబ్:
అన్నా, బండి గురించి బాబాయ్, టైరు గురించి అక్క చెప్పిన్రు, నేను రోడ్డు గురించి చెప్త. మాది ఇదే రూట్ల కిరాయిలు. బండి హీటెక్కితే ఇంజన్ పోతది, ఆపరాని జాగల ఆపితే మనుషులే పోతరు, నేను కండ్లార చూసిన.

ముల్లు లేస్తుందంటే ఆవిరి వచ్చేదాకా చూడకు, బంకో, హోటలో, లారీలు ఆగే బేనో కనపడంగనే జొరబడు. మలుపు తిరగంగనే, బ్రిడ్జి దిగంగనే ఆపకు, ఎనక నుంచి వచ్చేటోనికి నువ్వు కనపడవు. తప్పక రోడ్డు పక్కకే ఆపినవ్ అనుకో, పూర్తిగ ఎడమకి తీసి నాలుగు ఇండికేటర్లు ఎయ్యి, జనాన్ని ఎడమ దిక్కు నుంచి దింపి రైలింగ్ అవతలికి పంపు, ఏసీ లేకున్నా సరే బండిల కూసోనీయకు. ఎండ గొడితే గొడుగు పట్టుకోమను. బండి ఎనక నిలబడి ఫోన్లు మాట్లాడేటోళ్ళను చూస్తే నాకు బీపీ.

ట్రయాంగిల్ డిక్కీల సామాన్ల అడుగున కాదు, పైన పెట్టుకో. దాన్ని బండికి నాలుగడుగుల దూరంల పెడితే ఏం లాభం, వంద స్పీడుల వచ్చే కారు సెకనుకి 28 మీటర్లు కొడ్తది. యాభై మీటర్లు కనీసం, ఫోర్ లేన్ మీద ఇంకా ఎక్కువ, పోయేటప్పుడు వచ్చే బండ్ల దిక్కు మొహం పెట్టి రోడ్డు అంచుకే నడువు. మా లారీ అన్నలు రాళ్ళు, కొమ్మలు అడ్డం పెడ్తరు, బండి బాగైనంక వాటిని అట్లనే ఇడిచిపెట్టి పోతరు, రాత్రి ఏ బైకోడో వచ్చి గుద్దుతడు. నువ్వు పెట్టినా తీసెయ్యి.

నేషనల్ హైవే మీద 1033కి కొట్టు, రాత్రీ పగలూ ఎత్తుతరు, పెట్రోలింగ్ బండి, క్రేన్, అవసరమైతే అంబులెన్స్ పంపుతరు. ఎక్కడున్నవ్ అని అడుగుతరు, పక్కన కిలోమీటర్ రాయి మీద నంబర్ జెప్పు, "నార్కట్‌పల్లి దాటినం" అంటే వాళ్ళకి దొరకదు.

రాత్రి ఒంటిగంటకి మాత్రం వద్దన్నా. ఎండ తప్పుతది, నిద్ర తప్పదు. మూడు నుంచి ఐదు మధ్యల కండ్లు తెరిచే నిద్రపోతం, ఎనక లైట్లు లేకుండ రోడ్డు మీదనే ఆపిన లారీలు ఆ టైముకే ఉంటయ్. తొమ్మిదికి పండుకొని నాలుగున్నరకి లేచి బయల్దేరు, ఎండ ఎక్కేలోపు కోదాడ దాటుతవ్.

హైవే_కొత్తోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే ఏసీ వేసి చూశా, ఫ్యాన్ తిరగలేదు. తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఫ్యూజు బానే ఉంది, మోటార్ కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయన్నాడు, చేత్తో చిన్నగా తడితే తిరుగుతోంది, వదిలేస్తే ఆగుతోంది. మోటార్ మార్చి, ఫ్లష్ చేయించి కూలెంట్ పోయించా. నాన్న కూడా పక్కనే నిలబడి బయటికొచ్చిన తుప్పు నీళ్ళు చూశారు, ఏం మాట్లాడలేదు గానీ వాటర్ బాటిల్ మాత్రం డిక్కీలో పెట్టించారు 😄. ఒకటే డౌట్, ఒకసారి రెడ్డు దాకా పోయింది కదా, హెడ్ గాస్కెట్‌కి ఏమైనా అయ్యుంటుందా, పెళ్ళికి వెళ్ళే ముందు ఎలా తెలుసుకోవాలి?

గ్యారేజ్_బాబాయ్:
వెంటనే ఆపేశావు కాబట్టి చాలావరకు ఏం కాకపోవచ్చు, చూసుకుంటే పోయేదేం లేదు. ఇంజన్ ఆయిల్ మూత తీసి అడుగున చూడు, మజ్జిగలా తెల్లటి నురగ ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నట్టు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ రిజర్వాయర్ మీద పెన్నుతో గీత గియ్యి, రెండు మూడు రోజులు సిటీలో తిప్పి మళ్ళీ పొద్దున్నే చూడు, కింద ఎక్కడా కారకుండా లెవెల్ తగ్గుతుంటే అనుమానించాలి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ లోంచి తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే అదీ అంతే, చలికాలం పొద్దున వచ్చే ఆవిరి వేరు, అది కాసేపటికి పోతుంది. ఈ మూడూ లేకపోతే నిశ్చింతగా పో. మీ నాన్నగారి బాటిల్ ఉండనీ, ఒక లీటర్ కూలెంట్ డబ్బా కూడా దాని పక్కనే పెట్టు.

సూర్యాపేట_క్యాబ్:
అన్నా, వచ్చేటప్పుడు పెళ్ళి భోజనం జేసి మధ్యాహ్నమే బండి ఎక్కకు, అదీ నిద్రే.