గోజిరా: మాగ్మాతో మెత్తబడ్డారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆరుతీగలు: ఫ్రెంచి మెటల్ బ్యాండ్ గోజిరా ఆల్బమ్‌లు ఏ వరుసలో వినాలి? పాతవే అసలు సరుకు, మాగ్మా ఆల్బమ్‌తో మెత్తబడ్డారని కొందరు, దాంతోనే మొదలుపెట్టమని కొందరు. ఇంకోటి, వాళ్ల స్ట్రాండెడ్ పాటలో గిటార్ ఆ కీచుమనే అరుపు ఎలా వస్తుంది? నా దగ్గరున్నది మామూలు గిటార్, 9–42 తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ, లావు తీగ మందం).

పాతక్యాసెట్: ముందు 2005 నాటి ఫ్రమ్ మార్స్ టు సిరియస్. గంటకు పైనే ఉంటుంది, ఒక్క విడతలో వినండి. అందులోని ఫ్లయింగ్ వేల్స్ పాటలో తిమింగలాల కూతలు మొదలై, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) దిగేసరికి వీళ్ల పద్ధతంతా తెలిసిపోతుంది. తర్వాత 2008 నాటి ది వే ఆఫ్ ఆల్ ఫ్లెష్, ఆపైన 2012 నాటి లాన్‌ఫాన్ సోవాజ్. టెర్రా ఇంకాగ్నిటా (2001), ది లింక్ (2003) చివర్న పెట్టుకోండి, తొందరేం లేదు.

1996లో నైరుతి ఫ్రాన్స్‌లో బయోన్ దగ్గర జో, మారియో డుప్లాంటియే అన్నదమ్ములు గాడ్‌జిల్లా పేరుతో మొదలెట్టారు. ఆ పేరుతో చట్టపరమైన చిక్కొచ్చి, అదే పేరు జపాన్‌వాళ్లు పలికే తీరుకి మార్చుకున్నారు. మొదటి ఆల్బమ్ నుంచి ఇప్పటిదాకా అవే నాలుగు మొహాలు: గిటార్ క్రిస్టియన్ ఆండ్రూ, బేస్ జాన్ మిషెల్ లబాడీ. మెటల్‌లో ఇది అరుదే.

డబుల్‌పెడల్: మెత్తబడ్డారనే మాట ఒప్పుకోను, అన్నా. మాగ్మా (2016) ముప్పావు గంట కూడా లేదు. పొడుగు రిఫ్‌లు కోసేశారు, జో అరుపు తగ్గించి పాడటం పెంచాడు. రికార్డింగ్ నడుస్తుండగా అన్నదమ్ముల తల్లి చనిపోయింది, అందులోని లో ల్యాండ్స్ పాట వింటే తెలుస్తుంది. మారియో డ్రమ్స్ మాత్రం ఏమీ తగ్గలేదు. సిల్వెరా పాటలో కిక్‌లు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ దెబ్బలు) ఒక్కసారి లెక్కపెట్టి చూడండి.

తీగమేస్త్రి: గిటార్ సంగతి. వీళ్ల పాటలు చాలావరకు డి స్టాండర్డ్, అంటే అన్ని తీగలూ ఒక టోన్ కిందికి. 9–42 సెట్టు అక్కడ వదులైపోయి, గట్టిగా కొట్టగానే స్వరం పైకి జారుతుంది. 10–52 వేయండి. లావు తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటే గాడి కొంచెం వెడల్పు చేయించండి, లేకపోతే ట్యూనింగ్ నిలవదు. తర్వాత ఇంటొనేషన్, అంటే మెడ పొడుగునా స్వరం సరిగ్గా పలికేలా చూసుకోవడం: 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే హెచ్చుగా ఉంటే సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తగ్గితే ముందుకి.

ఆ కీచు డిజిటెక్ వామీ పెడల్‌ది, కాలితో తొక్కి స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పరికరం. దాన్ని డిస్టార్షన్‌కి (శబ్దాన్ని గరుకుగా చేసే పెడల్‌కి) ముందు పెట్టాలి. వెనక పెడితే స్వరాన్ని సరిగ్గా పట్టుకోలేక బురదలా వస్తుంది. ఒక్క స్వరమే మోగాలి, పక్క తీగలు ఎడమచేత్తో మూయండి. కాలు బీటు మీద పడకపోతే రిఫ్ మొత్తం కుంటుతుంది.

వాళ్ల మరో గుర్తు పిక్ స్క్రేప్. పిక్ అంచును లావు తీగ చుట్ల మీద అడ్డంగా నొక్కి, బ్రిడ్జ్ నుంచి మెడ వైపు లాగండి. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మరీ ఎక్కువైతే గరగర తప్ప ఏమీ వినిపించదు.

ఆరుతీగలు: 2024 ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలో వీళ్లు వాయించిన పాట ఏ ఆల్బమ్‌లో ఉంది?

పాతక్యాసెట్: ఏ ఆల్బమ్‌లోనూ లేదు. అది ఫ్రెంచి విప్లవ కాలపు పాట, ఆ వేడుక కోసం చేసింది. గాయని మరీనా వియోటితో కలిసి, ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్‌ను విప్లవకాలంలో బంధించిన పారిస్‌లోని కాన్‌సియెర్‌జరీ భవనం మీదే వాయించారు. 2025లో గ్రామీ దానికే వచ్చింది. విడి సింగిల్‌గా, మియా కుల్పా పేరుతో వెతకండి.