మెక్సికో సివిల్ చట్టం పదాలకు ఎలాంటి చిన్న నిఘంటువు కొనాలి?

ప్రశ్న:
మేం గ్వాదలహారాలో ఉంటున్నాం, ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం, పోయిన నెల ఇల్లు కొన్నాం. నోటరీ ఆఫీసులో ఒక కాగితాల కట్ట ఇచ్చారు, దాని మీద 'ప్రిమేర్ తెస్తిమోనియో' అని ఉంది. ఫోన్‌లో చూస్తే తెస్తిమోనియో అంటే సాక్ష్యం అంటోంది. మరి నా ఒరిజినల్ ఏది? నాన్న ఊరి నుంచి రోజూ ఫోన్ చేసి "ఒరిజినల్ దస్తావేజు చేతికొచ్చిందా" అని ఒకటే అడగడం, నాకేమో టెన్షన్. జేబులో పట్టే నిఘంటువు ఏదైనా కొంటే మంచిదేమో, ఎలాంటిది చూడాలి?

జవాబు:
కంగారు పడకు తమ్ముడూ. అక్కడ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వరు. మీరూ అమ్మినవాళ్లూ సంతకాలు పెట్టిన దస్తావేజు, అంటే ఎస్క్రితురా, నోటరీ దగ్గరే 'ప్రోతోకోలో' అనే సంపుటాల్లో ఉండిపోతుంది, దాన్నుంచి ఆయన సంతకం, ముద్ర వేసి ఇచ్చే అధికారిక ప్రతి పేరే తెస్తిమోనియో. మన దగ్గర నోటరీ అంటే కోర్టు బయట అఫిడవిట్ మీద ముద్ర వేసే లాయరు గుర్తొస్తాడు, అక్కడ మాత్రం దస్తావేజు రాసేదీ, టైటిల్ చూసేదీ, అమ్మకం పన్ను లెక్క తేల్చేదీ ఆయనే. ఆస్తుల రిజిస్ట్రీలో నమోదైందా లేదా, అది చూసుకో.

ఇంకో జవాబు:
నేను స్పానిష్ కోర్టు కాగితాలు అనువదిస్తాను. పదానికి పదం ఇచ్చి ఊరుకునే పుస్తకం దయచేసి కొనకండి. 'ప్రెందా' అంటే మామూలుగా బట్ట, చట్టంలో చరాస్తి తాకట్టు. 'ప్రెస్క్రిప్సియోన్' అంటే డాక్టరు రాసే చీటీ అనుకుంటాం, సివిల్ కోడ్‌లో అది ఏళ్ల తరబడి అనుభవంలో ఉన్న ఆస్తి మీద హక్కు రావడం కూడా. ఫెడరల్ (కేంద్ర) కోడ్ ప్రకారం స్థిరాస్తికి అది తనదేనని నిజాయితీగా నమ్మి అనుభవిస్తుంటే 5 ఏళ్లు, లేకపోతే 10. మన లిమిటేషన్ చట్టంలో ప్రైవేటు భూమికి 12. ఈ తేడా ఒక్క మాటలో ఎలా ఇముడుతుంది? అందుకే అక్కడ ప్రాక్టీసు చేసిన లాయరు రాసింది, రెండు వాక్యాలైనా వివరణ ఉన్నది, కోడ్ ఆర్టికల్ నంబరు ఇచ్చేది చూడండి. స్పెయిన్ చట్టానికి రాసింది వద్దు. ఇంకో మాట, 1928లో చేసి 1932లో అమల్లోకి తెచ్చిన ఫెడరల్ కోడ్ వేరు, ఒక్కో రాష్ట్రం కోడ్ వేరు, మీకు వర్తించేది గ్వాదలహారా ఉన్న హలిస్కో రాష్ట్రం కోడ్.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా, మీకు కూడా అండీ. ఇప్పుడే కట్ట విప్పి చూశా, చివరి కాగితం మీద రిజిస్ట్రీ ముద్ర, ఫోలియో నంబరు, తేదీ ఉన్నాయి. ఫొటో తీసి నాన్నకి పంపించా.