‘క్లోజ్’కి ఏ మాట, ఏ కీ?

నాన్నగారి ల్యాప్‌టాప్‌లో లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌ని తెలుగులో పెట్టాను. విండో మూయడానికి ఆల్ట్+ఎఫ్4 ఆయన చేతికి కుదరడం లేదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఎఫ్4 పనిచేయాలంటే ఎఫ్‌ఎన్ కూడా పట్టుకోవాలి. కంట్రోల్+డబ్ల్యూ నేర్పితే మొన్న వేలు పక్కనున్న క్యూ మీద పడింది. ఒక్క ట్యాబు పోవాల్సింది, బ్రౌజరే పోయింది, సగం రాసిన ఉత్తరంతో సహా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వేరే షార్ట్‌కట్ పెడదామనుకుంటున్నాను. తెలుగు మాటకి దగ్గరగా ఉండే కీ ఏదైనా ఉందా? అసలు క్లోజ్‌కీ క్విట్‌కీ మనకి వేర్వేరు మాటలున్నాయా?

—

ఉన్నాయండీ, రోజూ అంటూనే ఉంటాం. కిటికీ మూసేస్తాం, కొట్టు కట్టేస్తాం. కిటికీ మూసినా లోపల బేరం సాగుతుంది. కొట్టు కట్టేస్తే ఇక రేపు పొద్దున్నే. ట్యాబు మూయడానికీ బ్రౌజరు ఆపేయడానికీ తేడా అచ్చం అదే. క్విట్‌కి ‘నిష్క్రమించు’ అని రాయడం నాకు నచ్చదు. వెళ్ళేది మనమో ప్రోగ్రామో తేలదు. ‘కట్టెయ్’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

‘మూయి’లో వ్యాకరణం తప్పేమీ లేదు గానీ, ఒంటరిగా కనిపిస్తే ‘నోరు ముయ్యి’ గుర్తొస్తుంది. ‘వేయి’ చేరి ‘మూసివేయి’ అయ్యాక ఆ కరుకుదనం పోయింది. నా ఓటు ఇంకా దగ్గరి మాట ‘మూసెయ్’కి.

ఇక కీ సంగతి. మీ నాన్నగారు ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషల కీబోర్డు అమరికలో, టైపు చేస్తారా? అందులో ‘మ’ ఉండేది సి కీ మీదే! క్లోజ్‌లో సి, మూసెయ్‌లో మ, రెండిటికీ ఒకటే కీ. కట్టెయ్‌లో ‘క’ కూడా కె కీ మీదే ఉంటుంది. ఇది తెలిసిన రోజు నాకు భలే సంతోషమేసింది. ఆల్ట్+ఎఫ్4 ఐబీఎం 1987లో తెచ్చిన నియమాల నుంచి వచ్చింది. ఎఫ్4 మీద ఏ భాష అక్షరమూ లేదు, గుర్తుపెట్టుకోవడానికి పట్టు దొరకదు.

సెట్టింగుల్లో కీబోర్డు షార్ట్‌కట్లకి వెళ్ళి, విండో మూసే పనికి సూపర్+సి ఇవ్వండి (సూపర్ అంటే విండోస్ గుర్తుండే కీ). రెండూ ఎడమ చేతికిందే ఉంటాయి, క్యూ పై వరసలో దూరంగా ఉంటుంది.

—

ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్ళ మాటేమిటండీ? నేను ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతాను. నాకు ‘మ’ అంటే ఎమ్.

—

నిజమే, మీకు ‘మ’ గుర్తు పనికిరాదు. పైగా గ్నోమ్‌లో సూపర్+ఎమ్‌ని నోటిఫికేషన్ల కోసం ముందే వాడేశారు. మీకు క్లోజ్‌లో సి అనే గుర్తే మేలు. కీ మాత్రం మారదు.

—

మా దిక్కు తలుపైనా, ఫ్యానైనా, దుకాణమైనా ‘బంద్ చెయ్’ అంటం. మా అమ్మకు మూసెయ్, కట్టెయ్ అని రెండు చెప్తే అయోమయమైతది. తెలంగాణ వాళ్ళకు అదే పెడితే తప్పా?

—

తప్పెందుకండీ, నిక్షేపంగా పెట్టొచ్చు. కాకపోతే ఒక్క మాటే రెండు చోట్లా పనిచేస్తుంది కాబట్టి, దేన్ని బంద్ చేస్తున్నామో పక్కన రాయాలి. ‘ట్యాబు బంద్ చెయ్’, ‘బ్రౌజరు బంద్ చెయ్’ అని.

—

సూపర్+సి పెట్టాను. నాన్నగారిది ఇన్‌స్క్రిప్టే. ‘మ కీ నొక్కండి’ అనగానే వేలు దానంతటదే వెళ్ళింది, కిందికి చూడనే లేదు. ట్యాబులు మాత్రం మౌస్‌తోనే మూస్తున్నారు. ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నారు.